పత్రికకు రంగు, వార్తకు రుజువు
(సురవరం ప్రతాపరెడ్డి స్మృతిలో చైతన్యపురిలో చేసిన ఉపన్యాస పాఠం)



 సురవరం ప్రతాపరెడ్డిగారు 1926 మేలో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. కొన్నేళ్ళకు, తెలంగాణలో చెప్పుకోదగ్గ తెలుగు కవులే లేరన్న మాట ఒకటి బయలుదేరింది. ప్రతాపరెడ్డిగారికి ఆ మాట గుచ్చుకుంది. అన్నవారిది ఏ పక్షం, వారి ఉద్దేశమేమిటి అన్న చర్చతో ఆయన సరిపెట్టుకోలేదు. కవుల వివరాలూ పద్యాలూ తెప్పించి, 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు. అందులో 354 మంది కవులున్నారు. ఆ సంచిక చేతికందాక పాత మాటను నిలబెట్టడం ఎవరికీ సాధ్యం కాలేదు.

ఒక వార్త మీద అనుమానం కలిగితే, రాసినవాడెవడని చూడవచ్చు, లేదా ప్రతాపరెడ్డిగారిలా రాసినదాంట్లో నిజమెంతని చూడవచ్చు. మొదటి పనిని ఇప్పుడు యంత్రాలకు అప్పగిస్తున్నారు. కాలనీ వాట్సాప్ గ్రూపుల్లో, ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లల టెలిగ్రామ్ గ్రూపుల్లో ఎవరైనా లింకు పెట్టగానే, ఆ పత్రిక ఎటువైపు మొగ్గుతుందో పక్కనే చెప్పే సాధనం ఉంటే బాగుండునని చాలామంది అంటున్నారు. ఆ కోరిక వెనక ఉన్న విసుగు నాకు అర్థమవుతుంది. రోజుకు నాలుగు పేపర్లు తిరగేస్తే నాలుగు రాష్ట్రాల వార్తలు చదివినట్టుంటున్న కాలమిది. అయినా ఆ సాధనం మనకు ఏమిస్తుందో, ఏం పోగొడుతుందో ముందుగా చూసుకోవాలని నా మనవి.

అమెరికాలో ఈ పని పదేళ్ళకు పైగా సాగుతోంది. 2012లో మొదలైన ఆల్‌సైడ్స్ పత్రికలను ఎడమ నుంచి కుడి దాకా అయిదు గళ్ళలో పెడుతుంది. 2015లో డేవ్ వాన్ జాండ్ట్ మీడియా బయాస్ ఫ్యాక్ట్ చెక్ ప్రారంభించారు. 2018లో వచ్చిన న్యూస్‌గార్డ్ 9 ప్రమాణాల మీద 100కు మార్కులు వేస్తుంది. ఇవన్నీ ప్రధానంగా మనుషులు కూర్చుని వేసిన రేటింగులే. వీటిని తీసుకుని, ఎవరు ఏ లింకు పెట్టినా దాని కింద రేటింగు అతికించే చిన్న ప్రోగ్రాములు తరవాత వచ్చాయి. పరిశోధకులు ఇంకో అడుగు వేశారు. 2018లో ఎంఐటీ, ఖతార్ పరిశోధకులు కలిసి 1,066 వార్తా వెబ్‌సైట్ల వ్యాసాలు, వికీపీడియా పేజీలు, ట్విటర్ ఖాతాలు, వెబ్ చిరునామాలు యంత్రానికి చూపించి, ఏ సైటు ఎటు మొగ్గుతుందో, ఎంత నమ్మదగినదో ఊహించడం నేర్పారు. ఆ యంత్రానికి గురువు ఎవరు? మీడియా బయాస్ ఫ్యాక్ట్ చెక్ వారు అప్పటికే వేసి ఉంచిన గుర్తులే. యంత్రం ఇచ్చిన తీర్పు అనగానే అందులో మనిషి ప్రమేయం లేదనుకుంటాం. కొద్దిమంది అభిప్రాయం అంకెగా మారి వేల లింకుల కింద తిరిగి కనిపిస్తోందంతే.

ఆ కొలబద్దను మన పత్రికల మీద పెట్టి చూడండి. విశాలాంధ్ర, ప్రజాశక్తి, నవ తెలంగాణ ఎడమ గడిలోకి వెళ్తాయి. వాటి పార్టీ అనుబంధం ఎవరికీ రహస్యం కాదు కనుక ఆ గుర్తు వల్ల పాఠకుడికి కొత్తగా తెలిసేదేమీ లేదు. మిగిలిన ఈనాడు, సాక్షి, ఆంధ్రజ్యోతి, నమస్తే తెలంగాణ, వెలుగు దాదాపు ఒకే ప్రాంతంలో ఇరుక్కుంటాయి. రెండు రాష్ట్రాల్లో పాఠకుణ్ణి సతాయిస్తున్న తగాదా అంతా వాటి మధ్యే కదా! మన దగ్గర మొగ్గు సిద్ధాంతాన్ని బట్టి కన్నా పార్టీని బట్టి, యజమానిని బట్టి ఏర్పడింది. 1974లో విశాఖపట్నంలో పుట్టిన ఈనాడు, 1982లో పుట్టిన తెలుగుదేశానికి తొలి ఎన్నికల్లో ఎంత అండగా నిలిచిందో ఆ తరం వారికి గుర్తే. 2008 మార్చిలో జగన్మోహన్‌రెడ్డి సాక్షిని ఒకేసారి 23 ఎడిషన్లతో తెచ్చారు. 2011 జూన్‌లో, తెలంగాణ ఉద్యమం నడుమ, నమస్తే తెలంగాణ వచ్చింది. అమెరికా ఆర్థికవేత్తలు జెంట్‌స్కో, షపీరో 2010లో తమ దేశపు పత్రికల మీద చేసిన అధ్యయనంలో, మొగ్గును నిర్ణయించడంలో యజమాని కన్నా పాఠకుల అభిరుచే ప్రధానమని తేల్చారు. ఆ ఫలితాన్ని ఇక్కడికి యథాతథంగా తెచ్చుకోగలమని నేననుకోను.

రంగులు వేయడం మనకు యంత్రం నేర్పనక్కరలేదు. రాజశేఖరరెడ్డిగారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు ‘ఆ రెండు పత్రికలు’ అంటే ఈనాడు, ఆంధ్రజ్యోతి అని రాష్ట్రమంతటికీ తెలుసు. ఎల్లో మీడియా, నీలి మీడియా, గులాబీ మీడియా అన్నవి టీకొట్టు దగ్గర కూడా వినిపించే మాటలు. 2014 జూన్‌లో తెలంగాణలో కేబుల్ ఆపరేటర్లు టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ప్రసారాలు ఆపేశారు. అప్పుడు ఆ ఛానళ్ళు చేసిన తప్పు మీద జరిగినంత చర్చ, ప్రేక్షకుడు రిమోట్‌తో తనంతట తాను తేల్చుకునే హక్కు మీద జరగలేదు. ఒకసారి రంగు పడిందంటే నోరు మూయించడానికి కూడా అది సాకు అవుతుందని ఆ రోజుల్లో చూశాం.

ఇప్పుడు మన వాకిట్లోకి వద్దాం. 2024 సెప్టెంబరు చివరి వారం. మూసీ నదీగర్భంలో ఉన్నాయని లెక్కవేసిన ఇళ్ళ గోడల మీద అధికారులు ఎర్రరంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని రాసుకుంటూ వచ్చారు. చైతన్యపురిలో, కొత్తపేట వైపు ఫణిగిరి కాలనీలో, సత్యానగర్‌లో జనం రోడ్డెక్కారు. అక్టోబరు మొదట్లో చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్, శంకర్‌నగర్‌లలో గుర్తులు పెట్టిన ఇళ్ళ కూల్చివేత మొదలైంది. ఆ వారం ఇక్కడి ఇంటాయనకు కావలసిన సమాచారం చాలా నిర్దిష్టమైనది. నా ఇల్లు నదీగర్భంలోకి వస్తుందా, దాని పక్కనుండే బఫర్ జోన్‌లోకి వస్తుందా? రిజిస్ట్రేషనూ ఇంటి అనుమతీ ఉన్నా తీసేస్తారా? డబుల్ బెడ్‌రూం ఇల్లు ఇస్తామంటున్నారు, ఎక్కడ? సర్వే చేస్తున్నది ఆక్రమణలు తొలగించే హైడ్రానా, రెవెన్యూ వాళ్ళా? మూసీ సర్వేతో, కూల్చివేతలతో తమకు సంబంధం లేదని హైడ్రా తరవాత స్పష్టం చేయాల్సి వచ్చిందంటే ఎంత గందరగోళం నడిచిందో ఊహించవచ్చు.

పత్రికల్లో అదే వీధి, అదే మనుషులు, ఒకచోట ఆక్రమణదారులు, ఒకచోట నిర్వాసితులు. అదే మూసీ పథకం ఒకరికి పునరుజ్జీవనం, ఒకరికి లక్షన్నర కోట్ల దోపిడీ. గ్రూపుల్లో ఒకరు గోడ మీది గుర్తు గురించి వార్త పెడితే, ‘అది గులాబీ పేపరు’ అని ఇంకొకరు తేల్చేసేవారు. ప్రభుత్వం చెప్పిన పునరావాసం వివరాలు పెడితే, ‘అదంతా అధికార పార్టీ భజన’ అని కొట్టిపారేసేవారు. రెండు సందర్భాల్లోనూ చర్చ అక్కడితో ఆగిపోయేది. గోడ మీద గుర్తు మాత్రం ఉంది. ఏ పత్రిక వేసినా వేయకపోయినా ఉంది. బాధితుడి మాటలో నిజముందా అని వెళ్ళి చూడటానికి ఫణిగిరి కాలనీకి పది అడుగుల దూరంలో ఉన్నవారు కూడా, పేపరు పేరు చూసి తమ అభిప్రాయం ఖాయం చేసుకున్నారు. ఇదే పనిని ప్రతి లింకు కింద, రాత్రింబవళ్ళు, అలసట లేకుండా చేసే యంత్రాన్ని తెచ్చి పెడితే ఏం జరుగుతుంది? నిజమైన వార్తను పట్టించుకోకుండా ఉండటానికి జనానికి ఒక అధికారిక ముద్ర దొరుకుతుంది. నా ప్రధానమైన భయం ఇదే.

తెలుగులో ఈ దిశగా జరిగిన ఒక ప్రయత్నం గురించి ఈ సభకు తెలియాలి. అది ఈ నగరంలోనే జరిగింది. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీలో ఆచార్య రాధిక మామిడి, వారి విద్యార్థులు 2019లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. తెలుగు పత్రికల నుంచి 1,329 వార్తలు సేకరించి, ఒక్కొక్కటి ఏ పార్టీ వైపు మొగ్గుతుందో మనుషుల చేత గుర్తింపజేసి, యంత్రానికి నేర్పారు. వారు ఎడమ, కుడి అనే కొలత జోలికి పోలేదు. బీజేపీ, తెలుగుదేశం, కాంగ్రెస్, టీఆర్ఎస్, వైసీపీ, ఇలా మన నేల మీది పార్టీలనే గళ్ళుగా పెట్టుకున్నారు. పత్రికకు గుత్తగా రంగు వేయలేదు, విడివిడిగా వార్తను తూచారు. యంత్రం ముందు శీర్షిక చదివి, ఆ వెలుగులో వార్తలోని ఏ మాటకు ఎంత బరువివ్వాలో నిర్ణయించుకునేలా తీర్చిదిద్దారు. 89.54 శాతం సందర్భాల్లో అది మనుషుల గుర్తింపుతో ఏకీభవించింది.

డెస్కులో పనిచేసినవాడిగా, శీర్షికను పట్టుకున్న వారి చూపు నాకు చాలా నచ్చింది. మండలం నుంచి కంట్రిబ్యూటర్ పంపే వార్త చాలాసార్లు చప్పగా, ఉన్నదున్నట్టు ఉంటుంది. ఏ అధికారి వచ్చాడు, ఏమన్నాడు, జనం ఏమన్నారు, ఇంతే. దానికి రంగు పడేది డెస్కు మీదే. శీర్షిక పెట్టేదీ, ఎవరి మాట మొదటి పేరాలోకి ఎక్కాలో, ఎవరి మాట చివరి పేరాలోకి దిగి పేజీ సరిపోక తెగిపోవాలో తేల్చేదీ అక్కడే. ఇంకా పెద్ద నిర్ణయం, వార్త ఎక్కడ పడాలన్నది. మొదటి పేజీ బ్యానరా, లోపల సింగిల్ కాలమా, నగరం పేజీలోనా, జిల్లా మినీలోనా? 1989లో ఈనాడు జిల్లాకొక మినీ అనుబంధం మొదలుపెట్టినప్పటి నుంచి, ఒక వార్తను వేస్తూనే రాష్ట్రానికి తెలియకుండా ఉంచడం తేలికైంది. చైతన్యపురి ధర్నా రంగారెడ్డి మినీలో వస్తే ఖమ్మం పాఠకుడి కంట పడదు. వేశాం కదా అని పత్రిక అనగలదు. వార్తలోని మాటలను మాత్రమే చదివే యంత్రానికి ఈ మొగ్గు కనిపించదు. మా వృత్తిలో అన్నిటికన్నా బలమైన మొగ్గు అదే.

ఇక కాలం సంగతి. 2019లో నేర్పిన యంత్రానికి బీఆర్ఎస్ అనే పేరు తెలియదు, టీఆర్ఎస్‌కు ఆ పేరు 2022లో వచ్చింది. పేరు మార్పును సర్దుకోవచ్చు, అధికార మార్పును సర్దుకోవడం కష్టం. ఆంధ్రప్రదేశ్‌లో సాక్షి 2019 మే దాకా ప్రతిపక్షం వైపు నిలబడి రాసింది, తరవాత అయిదేళ్ళు పాలకపక్షం వైపు, 2024 జూన్ నుంచి మళ్ళీ ప్రతిపక్షం వైపు. 2023 డిసెంబరులో తెలంగాణలో ప్రభుత్వం మారగానే నమస్తే తెలంగాణలో ధర్నాలకూ రైతుల కష్టాలకూ దొరికే చోటు మారింది. ప్రభుత్వాన్ని విమర్శిస్తే ఫలానా రంగు అని నేర్చుకున్న యంత్రం ఒక్క ఎన్నికతో తలకిందులవుతుంది. వెలుగు పత్రిక 2018లో మొదలైంది. దాని యజమాని వివేక్ వెంకటస్వామి 2019లో బీజేపీలో చేరారు, 2023 నవంబరులో కాంగ్రెస్‌లోకి వచ్చి చెన్నూరు నుంచి గెలిచారు, 2025 జూన్‌లో మంత్రి అయ్యారు. యజమాని పార్టీ మారినందువల్ల పత్రికలో ప్రతి వార్తా మారిందని నేననడం లేదు. 2021లో వేసిన రేటింగు తేదీ లేకుండా ఈ రోజు లింకు కింద కనిపిస్తే పాఠకుడు మోసపోతాడని అంటున్నాను.

యంత్రం నిజంగా మొగ్గునే నేర్చుకుంటోందా అన్నది ఇంకో సందేహం. 2018 నాటి ఎంఐటీ, ఖతార్ పరిశోధకుల్లోనే కొందరు 2020లో ఆల్‌సైడ్స్ నుంచి దాదాపు 35 వేల వ్యాసాలు తీసుకుని పరీక్షించారు. నేర్పేటప్పుడు చూపించిన పత్రికల వ్యాసాలే పరీక్షలోనూ ఇస్తే యంత్రం చక్కగా చెప్పింది. ఎన్నడూ చూడని పత్రిక వ్యాసం ఇస్తే తడబడింది. అది పట్టుకున్నది పత్రిక రాత తీరును, మొగ్గును కాదు. మన పత్రికల్లో ఇది ఇంకా ఎక్కువ. ఏ డెస్కు శైలి ఆ డెస్కుది. అంకెలు రాసే తీరు, పదవుల పేర్లు, డేట్‌లైన్ వేసే పద్ధతి చూస్తే పత్రిక పేరు చూడకుండానే పేపరు ఏదో చెప్పేవారు మాలో ఉన్నారు. కాబట్టి పరికరం ఏది తెచ్చినా, అది చూడని పత్రిక మీద పరీక్షించి చూపించమని అడగాలి.

అన్నిటికీ మించి, మన వార్త ప్రయాణించే దారి వేరు. ఇక్కడ లింకులు తక్కువ, కత్తిరింపులు ఎక్కువ. ఈ-పేపరు ముక్క ఫోటోగా వస్తుంది. యూట్యూబ్ వీడియో ముక్కగా వస్తుంది. వే2న్యూస్ యాప్ వార్తాకార్డుల నమూనాలో దొంగ కార్డులు తయారుచేసి ఎన్నికల కాలంలో తిప్పడం, అవి తమవి కావని ఆ సంస్థ చెప్పుకోవాల్సి రావడం అందరూ చూసిందే. పేరు మీదే రేటింగు ఆధారపడితే, మంచి పేరున్న పత్రిక పేరు దొంగిలించినవాడికి ఆ రేటింగు వరంగా మారుతుంది.

మొగ్గే నేరమన్న భావన కూడా నాకు సమ్మతం కాదు. ఈ నగరంలో షోయబుల్లాఖాన్ అనే సంపాదకుడుండేవాడు. ఉర్దూలో ఇమ్రోజ్ నడిపాడు. హైదరాబాద్ భారత యూనియన్‌లో కలవాలని రాశాడు. 1948 ఆగస్టు 21 అర్ధరాత్రి ఆఫీసు నుంచి ఇంటికి వెళ్తుండగా రజాకార్లు దాడి చేశారు, చేయి నరికారు, ఆయన ప్రాణం పోయింది. నాటి హైదరాబాదులో ఇమ్రోజ్‌కు ఏ పరికరమైనా తీవ్రమైన ఏకపక్షం అనే గుర్తే వేసేది. నిష్పక్షపాతం అనిపించుకునే పత్రికలు ఆ రోజు ఏం రాశాయన్నది వెనక్కు తిరిగి చూస్తే, మధ్యగడిలో నిలబడటం గౌరవమని నేను అనలేను. పక్షం వహించి నిజం రాయవచ్చు. ఏ పక్షమూ లేనట్టు నటిస్తూ దాచవచ్చు. గోలకొండ పత్రికకు పక్షం లేదా? దాని పక్షం తెలుగు.

మరి యంత్రం వద్దంటున్నానా? వద్దనడం లేదు. దానికి అప్పగించవలసిన పనులు వేరే ఉన్నాయి, అవి మనుషుల వల్ల కానివి. ఒక్క మనిషి రోజూ పది పత్రికలు, వాటి జిల్లా పేజీలతో సహా చదవలేడు. యంత్రం చదవగలదు. ఒకే సంఘటన మీద వచ్చిన వార్తలన్నీ ఒకచోటికి చేర్చి, ఏ అంకె ఎవరు వేశారో, ఎవరి మాట ఎవరు వదిలేశారో చూపించగలదు. ఏ పత్రిక ఏ వార్తను అసలు వేయలేదో కూడా ఈ పోలికలోనే బయటపడుతుంది. ఒక్క పత్రికనే నమ్ముకున్న పాఠకుడికి, అందులో ఒక వార్త లేదన్న సంగతే ఎన్నటికీ తెలియదు. ఇంతకన్నా విలువైన సేవ యంత్రం చేయగలదని నేననుకోను.

అడ్డంకులున్నాయి. ఒకప్పుడు ఈనాడు వెబ్‌సైట్ సొంత ఫాంటుతో ఉండేది, వేరే ప్రోగ్రాముకు అది అక్షరాలుగానే కనిపించేది కాదు. యూనికోడ్ వచ్చాక వెబ్‌సైట్ల బాధ తీరింది కానీ ఈ-పేపర్లలో జిల్లా పేజీలు ఇప్పటికీ చాలావరకు బొమ్మల రూపంలోనే ఉన్నాయి. బొమ్మలోంచి తెలుగు చదివేటప్పుడు ఒత్తులు ఊడిపోతాయి, వాక్యం చివరి ‘లేదు’ చెదిరిందంటే వార్త అర్థమే తిరగబడుతుంది. ఈ పని మీద డబ్బూ శ్రమా పెడితే, రంగు చెప్పే యంత్రం కన్నా పదిరెట్లు ప్రయోజనం.

యజమాని వివరం కూడా యంత్రం పక్కన పెట్టవచ్చు. అది అభిప్రాయం కాదు, దస్తావేజు. 1956 నాటి నిబంధనల కింద దశాబ్దాల పాటు ప్రతి పత్రికా ఏటా ఫిబ్రవరి ముగియగానే ఫారం-4 అచ్చువేసేది. యజమాని ఎవరు, ఒక శాతం మించి పెట్టుబడి ఎవరిది అన్నవి అందులో ఉండేవి. లోపలి పేజీలో చిన్న అక్షరాల్లో పడే ఆ ప్రకటనను చదివినవారు తక్కువ. మన చైతన్యపురి మూసీ ఒడ్డున బండ మీద విష్ణుకుండినుల కాలపు ప్రాకృత శాసనముంది, నగరంలో అంతకు పాతది లేదంటారు. భిక్షువుల కోసం చేసిన దానం గురించిన శాసనం అది. అయిదో శతాబ్దంలోనే ఇచ్చినదేమిటో, ఎవరి కోసమో రాయి మీద చెక్కించారు. వార్త పక్కన దాన్ని అచ్చువేయించినవారి పేరు, వారి ప్రస్తుత పదవి, తేదీతో సహా కనిపించాలని కోరడం అత్యాశ కాదు.

పోస్టుల కింద వాడేవారే వివరణ రాసే ఇంకో పద్ధతి కూడా పరిశీలించదగినది. ట్విటర్ 2021లో బర్డ్‌వాచ్ పేరుతో మొదలుపెట్టి, తరవాత కమ్యూనిటీ నోట్స్ అని పేరు మార్చింది. 2024 ఏప్రిల్‌లో, లోక్‌సభ ఎన్నికల ముందు, మన దేశానికీ తెచ్చారు. అక్కడ ఎక్కువమంది ఓటు వేసినంత మాత్రాన వివరణ పైకి రాదు. మామూలుగా ఒకరితో ఒకరు విభేదించేవారు ఇద్దరూ బాగుందన్న వివరణే పైకి వస్తుంది. ఎవరు ఎవరితో విభేదిస్తారో వారి పాత ఓట్లను బట్టి యంత్రం లెక్కగడుతుంది. ఆలస్యం దాని పెద్ద లోపం, చాలా వివరణలు ఎన్నడూ జనం కంటికే రావు. అయినా ఈ లెక్కలో పత్రిక రంగు అడగరు. మన కాలనీలో ఎన్నికల రోజు ఒకరి ముఖం ఒకరు చూసుకోని ఇద్దరు, గోడ మీద గుర్తు పడిన మాట నిజమేనని ఒప్పుకుంటే, ఆ ఒప్పుకోలు ఏ రేటింగు కన్నా బరువైనది.

నా ప్రతిపాదన చిన్నది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా హాస్టళ్ళలో వేలమంది పిల్లలు గ్రూప్స్‌కూ డీఎస్సీకీ చదువుతున్నారు. కరెంట్ అఫైర్స్ కోసం వాళ్ళు రోజూ మూడు నాలుగు పేపర్లు పక్కపక్కన పెట్టుకుని నోట్సు రాస్తారు. పరీక్షలో తప్పు అంకె రాస్తే మార్కు పోతుంది కనుక, ఏ పత్రికదైనా సరే అసలు జీవో దాకా వెళ్ళి చూసే అలవాటు వాళ్ళకుంది. ఆ అలవాటును, ట్రిపుల్ ఐటీ వంటి చోట్ల ఉన్న సాంకేతిక నేర్పును కలపాలి. ముందు మూసీనే తీసుకుందాం. 2024 సెప్టెంబరు నుంచి వచ్చిన వార్తలన్నీ యంత్రం పోగుచేస్తుంది, పట్టిక మనం నింపుతాం. ఒక గడిలో తేదీ, ఒక గడిలో కాలనీ, వార్త చెప్పిన ఇళ్ళ సంఖ్య, ఆ సంఖ్య ఎవరి నోటి నుంచి వచ్చింది, దానికి కాగితం ఉందా, తరవాత ఏమని తేలింది, ఎవరు అసలు రాయలేదు. పత్రిక పేరు ఆఖరి గడిలో. పట్టిక ఎవరైనా చూడవచ్చు, ఏ గడినైనా ఆధారంతో సవాలు చేయవచ్చు. నింపే ఇద్దరూ ఒకే పార్టీ అభిమానులు కాకుండా జోడీలు కడదాం.

ఫణిగిరి కాలనీ నుంచి వచ్చినవారు ఈ సభలో ఉన్నారు. మీ దగ్గరున్న నోటీసుల నకళ్ళు, గోడల ఫోటోలు తేదీలతో సహా భద్రపరచండి. పట్టికలో మొదటి వరుసలు వాటితోనే నింపాలి. ఈ పనికి రోజుకు అరగంట ఇవ్వగలిగిన విద్యార్థులు సభ ముగిశాక వేదిక దగ్గరికి వచ్చి పేర్లు రాయించమని కోరుతున్నాను.